అక్వేరియం లైటుకు టైమరా, స్మార్ట్ ప్లగ్గా? కరెంటు పోయిన ప్రతిసారీ టైం తప్పుతోంది

పానగల్లు రోడ్డు (నల్లగొండ)

అందరికీ నమస్కారం. ప్రశ్న చిన్నదే. కానీ జరిగిందంతా చెప్తే తప్ప అర్థం కాదు, జర ఓపిక పట్టండి.

నేను దేవరకొండ దగ్గర ఒక హైస్కూల్లో లెక్కల టీచర్ని. పొద్దున ఏడింటికి బస్సెక్కితే తిరిగి నల్లగొండలో దిగేసరికి సాయంత్రం ఆరున్నర. ఇంట్లో అమ్మ, నాన్న, నేను. హాల్లో మూడడుగుల ట్యాంకు ఉంది, నీళ్లు దాదాపు 150 లీటర్లు. గప్పీలు పద్దెనిమిది (ఇది నిన్నటి లెక్క, గప్పీలు ఎంత తొందరగా పిల్లలు పెడతాయో మీకు తెలుసు కదా), సర్పే టెట్రాలు ఎనిమిది, ఒక ప్లెకో. మొక్కల్లో వాలిస్నేరియా, అనుబియాస్, కొంచెం జావా ఫెర్న్. మా బోరు నీళ్లు వాడను. నల్లగొండ బోరు నీళ్ల ఫ్లోరైడ్ సంగతి దేశమంతా తెలిసిందే, పైగా మా బోరుది మరీ ఉప్పదనం. భగీరథ నల్లా నీళ్లు పట్టి, క్లోరిన్ పోవడానికి మందు వేసి పోస్తాను.

కరెంటుతో నడిచేవి నాలుగు: 36 వాట్ల ఎల్ఈడీ లైటు, అద్దానికి తగిలించే 15 వాట్ల ఫిల్టర్, 4 వాట్ల ఎయిర్ పంపు, ఎండాకాలంలో నీళ్ల మీదికి తిప్పే పది వాట్ల చిన్న ఫ్యాను.

మొదట్లో లైటు బాధ్యత అమ్మది. అమ్మ పొద్దున దేవుడి దగ్గర దీపం పెట్టి, అదే చేత్తో చేపల లైటు కూడా వేసేది. మళ్లీ ఆర్పేది రాత్రి సీరియళ్లు అయిపోయాక. అంటే రోజుకు పదహారు గంటలు. నెలన్నరలో అద్దం, రాళ్లు, అనుబియాస్ ఆకులు అన్నీ పాకుడు పట్టిపోయాయి. గీకడానికి పాత ఏటీఎం కార్డు ఒకటి కేటాయించాను. అమ్మకు చెప్తే, "చీకట్లో ఉంచడానికా చేపల్ని తెచ్చింది?" అని నామీదే లేచింది.

అప్పుడు ప్రకాశం బజారులో చుట్టూ 96 పళ్లుండే గుండ్రటి టైమర్ కొన్నాను. ఒక్కో పన్ను పదిహేను నిమిషాలు. మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి తొమ్మిది దాకా పళ్లు నొక్కి పెట్టాను. రెండు వారాలు హాయిగా నడిచింది, పాకుడు తగ్గింది. ఇంతలో ఎండలు ముదిరాయి, కరెంటు పోవడం మొదలైంది. పోయినప్పుడల్లా టైమర్ చక్రం ఆగిపోతుంది, వచ్చాక ఆగిన చోటు నుంచే మళ్లీ తిరుగుతుంది. రోజూ అరగంట, ముప్పావుగంట వెనకబడుతుంటే ఆదివారం ఆదివారం చేత్తో తిప్పి సరిచేసేవాణ్ని.

ఏప్రిల్లో నాగర్‌కర్నూల్‌లో పెళ్లికి ఇంటిల్లిపాదీ నాలుగు రోజులు వెళ్లాం. రెండో రోజు ఇక్కడ గాలిదుమారం, మా వీధిలో చెట్టు కొమ్మ తీగల మీద పడి ఆరు గంటలు కరెంటు లేదట. మేము తిరిగొచ్చింది రాత్రి ఒంటిగంటకు. తాళం తీస్తే హాలంతా వెలుగు. నాన్న దొంగలనుకుని నన్ను చేయి పట్టి వెనక్కి లాగారు. చూస్తే చేపల లైటు! రెండింటికి వెలగాల్సింది ఆరు గంటలు జరిగి ఎనిమిదింటికి వెలుగుతోంది, తెల్లవారుజామున మూడు దాకా ఆరదు. పాపం గప్పీలు కళ్లు తెరుచుకుని మా సామాన్ల వంక చూస్తున్నాయి. వాటికి రెప్పలుండవనుకోండి, కానీ ఆ రోజు నాకు అలాగే అనిపించింది.

ఇప్పుడు అడిగేది. బ్యాటరీ ఉండే డిజిటల్ టైమర్ కొనాలా, ఫోన్‌తో నడిచే స్మార్ట్ ప్లగ్ కొనాలా? కొంటే 10 ఆంపియర్లదా, 16దా? ఇంకోటి, నాన్న హాల్లోనే పడుకుంటారు, ఫిల్టర్, ఎయిర్ పంపు గుయ్యిమంటుంటే నిద్ర పట్టదంటున్నారు. రాత్రి పది నుంచి పొద్దున అయిదు దాకా ఆ రెండింటినీ కూడా టైమర్‌తో ఆపేయొచ్చా? ఇంట్లో ఫైబర్ నెట్ ఉంది. ఇన్వర్టర్ ఉంది కానీ హాల్లో లైటు, ఫ్యానుకే ఇచ్చారు, ట్యాంకు దగ్గరి ప్లగ్గుకు లేదు. 1,500 రూపాయలు దాటొద్దని నా కోరిక.

వనపర్తి గప్పీలు

సార్, మిగతావి పెద్దవాళ్లు చెప్తారు. ఫిల్టర్‌ను మాత్రం టైమర్ మీద పెట్టకండి, దండం పెడతా.

నేను డిగ్రీ చదివేటప్పుడు హాస్టల్ నుంచి ఇంటికి ట్యాంకు తెచ్చుకుని, కరెంటు బిల్లు మిగులుతుందని రాత్రిళ్లు ఫిల్టర్ ఆపేవాణ్ని. బిల్లు ఏం మిగల్లేదు, 15 వాట్లు ఏడు గంటలంటే రోజుకు యూనిట్‌లో పదో వంతు. పొద్దున స్విచ్ వేస్తే ఫిల్టర్‌లోంచి మురుగు వాసన వచ్చేది. స్పాంజిలో ఉండే బ్యాక్టీరియానే చేపల అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మారుస్తుంది. దానికి ఆక్సిజన్ ఉన్న నీళ్లు పారుతూ ఉండాలి. గంటల తరబడి నీళ్లు నిలిస్తే అది చావడం మొదలవుతుంది, పొద్దున స్విచ్ వేయగానే ఆ కుళ్లంతా ట్యాంకులోకే. పైగా రాత్రి మొక్కలు కూడా ఆక్సిజన్ పీల్చుకుంటాయి. మీరు ఆపాలనుకునే వేళే చేపలకు గాలి ఎక్కువ కావాల్సిన వేళ.

చప్పుడుకు వేరే మందుంది. ఎయిర్ పంపును గోడకూ చెక్కకూ ఆనించకుండా నాలుగు మడతల పాత టవల్ మీద పెట్టండి, సగం రొద పోతుంది. ఫిల్టర్ గలగలమంటుందంటే నీళ్లు తగ్గి పైనుంచి పడుతున్నాయన్నమాట. రోజూ ఒక చెంబు పోసి నీటిమట్టం ఫిల్టర్ మూతి దాకా ఉంచితే చప్పుడే ఉండదు.

పాలమూరు పచ్చతొట్టి (మహబూబ్‌నగర్)

అన్నా, మీ రాత్రి ఒంటిగంట ముచ్చట చదివి నవ్వొచ్చింది, తర్వాత నా కథ గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది.

నాది న్యూటౌన్‌లో ఫొటో స్టూడియో. కౌంటర్ పక్కన నాలుగడుగుల మొక్కల ట్యాంకు. పాస్‌పోర్టు ఫొటో కోసం వచ్చే పిల్లలు ఏడవకుండా కూర్చునేది దాని వల్లే. మొక్కలకు సిలిండర్‌తో కార్బన్ డయాక్సైడ్ ఇస్తాను. లైటు మూడింటి నుంచి తొమ్మిది దాకా, గ్యాస్ మాత్రం గంట ముందు మొదలై గంట ముందు ఆగాలి, అంటే రెండు నుంచి ఎనిమిది. సిలిండర్ మీద గ్యాస్‌ను కరెంటుతో తెరిచి మూసే సోలనాయిడ్‌కు ఒక స్మార్ట్ ప్లగ్, లైటుకు ఇంకొకటి పెట్టాను. ఫోన్‌లో అన్నీ చూసుకుంటూ రాజాలా ఉన్నాను.

ఒక రోజు సాయంత్రం ఏడు ముప్పావుకు కరెంటు పోయింది. ఎనిమిది నలభైకి వచ్చింది. అప్పటికే షట్టర్ దించి ఇంటికి వెళ్లిపోయాను. జరిగిందేమిటంటే, పోయేటప్పుడు గ్యాస్ ప్లగ్ ఆన్‌లో ఉంది. వచ్చాక ఆ ప్లగ్గు "పోయే ముందు ఎలా ఉన్నానో అలాగే ఉంటాను" అని మళ్లీ ఆన్ అయింది. ఎనిమిదింటి ఆఫ్ ఆర్డరు కరెంటు లేని వేళలోనే దాటిపోయింది. ఆ తర్వాతి ఆఫ్ ఎప్పుడు? మర్నాడు రాత్రి ఎనిమిదికి. రాత్రంతా, చీకట్లో, మొక్కలు గ్యాస్ తీసుకోని వేళలో బుడగలు పోతూనే ఉన్నాయి.

పొద్దున షట్టర్ ఎత్తితే చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. నీళ్లలో గ్యాస్ ఎంతుందో రంగుతో చూపించే డ్రాప్ చెకర్ పచ్చగా ఉండాల్సింది నిమ్మపండు రంగులోకి పోయింది. గ్యాస్ కట్టేసి, ఎయిర్ పంపు పెట్టి, సగం నీళ్లు మార్చాను. ఇరవై నియాన్ టెట్రాల్లో ఆరు పోయాయి. కొర్రమీనైతే పైకొచ్చి గాలి పీల్చి బతికేది, ఊరికే కాదు అది మన రాష్ట్ర చేప అయింది. టెట్రాలకు ఆ వరం లేదు.

తప్పు ప్లగ్గుది అనను. యాప్ సెట్టింగుల్లో "కరెంటు వచ్చాక ఏం చేయాలి" అని ఒకటి ఉంటుంది: ఆన్, ఆఫ్, లేదా పాత స్థితి. నేను దాని జోలికే పోలేదు. కొనేటప్పుడు వారంటీ కంటే ముందు ఈ సెట్టింగు ఉందో లేదో చూడండి, లేకపోతే తీసుకోవద్దు. గ్యాస్‌కైతే ఆఫ్ అని పెట్టాలి. లైటుకూ ఆఫే మంచిది, ఒక సాయంత్రం లైటు వెలగకపోతే ఎవరూ చావరు. మీ చిన్న ఫ్యానుకు ఆన్. ఇంకో కిటుకు, ఆఫ్ ఆర్డరు ఒక్కటి పెట్టి ఊరుకోవద్దు. నేనిప్పుడు ఎనిమిదికి, ఎనిమిదిన్నరకు, తొమ్మిదికి, పదింటికి, అర్ధరాత్రి పన్నెండుకు, అయిదు సార్లు ఆఫ్ పెట్టాను. ఇప్పటికే ఆఫ్‌లో ఉన్నదాన్ని మళ్లీ ఆఫ్ అంటే దానికేం నొప్పి లేదు.

రెండో సంగతి గడియారం. సాధారణంగా ఈ ప్లగ్గుల్లో బ్యాటరీ ఉండదు. కరెంటు పోతే టైం మర్చిపోతాయి, వచ్చాక వైఫై ద్వారా నెట్‌లోంచి టైం అడిగి తెలుసుకుంటాయి. ఇంట్లో కరెంటు వచ్చినా వీధి చివర నెట్ వాళ్ల డబ్బాకు రాకపోతే, ప్లగ్గుకు ఇప్పుడు పగలో రాత్రో తెలియదు. అందుకని కొన్న రోజే రెండు పరీక్షలు పెట్టండి, చేపల దగ్గర కాదు, టేబుల్ ల్యాంపు మీద. మొదటిది: పది నిమిషాల తర్వాత ఆన్ అయ్యేలా షెడ్యూల్ పెట్టి రౌటర్ ఆపేయండి. వెలిగితే షెడ్యూల్ ప్లగ్గులోనే దాచుకుంటోందని, వెలగకపోతే ప్రతిదానికీ కంపెనీ సర్వర్‌ను అడుగుతోందని అర్థం. రెండోది: మళ్లీ షెడ్యూల్ పెట్టి, రౌటర్ ఆపి, ప్లగ్గును కూడా ఊడదీసి మళ్లీ గుచ్చండి. ఈ రెండో పరీక్షలో నా రెండు ప్లగ్గులూ ఫెయిల్. వాటి తప్పు లేదు, వాటికి గడియారమే లేదు. కానీ ఆ సంగతి ముందే తెలిస్తే రౌటర్‌ను ఇన్వర్టర్ మీద పెట్టుకుంటాం.

ప్లగ్గు ఫోన్‌కు దొరకడం లేదని లొల్లి పెట్టే వాళ్లకు ఒక్క మాట: దాదాపు ఇవన్నీ 2.4 గిగాహెర్ట్జ్ వైఫైనే పట్టుకుంటాయి, 5ను పట్టవు. సెట్ చేసేటప్పుడు రౌటర్‌లో 5ను కాసేపు ఆపండి.

ఇప్పుడు నా గ్యాస్ డిజిటల్ టైమర్ మీద ఉంది. లోపల చిన్న చార్జింగ్ సెల్లు ఉంటుంది, కరెంటు పోయినా టైం పోదు. దానిలోనూ మెలికలున్నాయి. తెచ్చిన వెంటనే సెట్ చేయకుండా ఒక పూట ప్లగ్గుకు పెట్టి సెల్లు చార్జ్ కానివ్వాలి, తర్వాత సూదితో రీసెట్ గుంట నొక్కాలి. అన్నీ పెట్టాక మోడ్ ఆటోలోనే వదలాలి. చాలామంది టెస్ట్ కోసం ఆన్‌లో పెట్టి మర్చిపోతారు. ర్యాండమ్ అని ఒక బటన్ ఉంటుంది, ఊరెళ్లినప్పుడు ఇంట్లో మనుషులున్నట్టు కనిపించడానికి లైటును ఇష్టమొచ్చినట్టు వెలిగించేది. పొరపాటున తగిలితే మీ నాగర్‌కర్నూల్ పెళ్లి కథ మళ్లీ మొదలు. కొన్నేళ్లకు సెల్లు చచ్చిపోతుంది. ఆరు నెలలకోసారి ఊడదీసి గంటాగి చూడండి, టైం నిలిచిందో లేదో.

స్మార్ట్ ప్లగ్గును నేను ఇంకా ఒక పనికి వాడుతున్నాను, కాపలాకు. వాట్లు చూపించే రకం తీసుకుని ఫిల్టర్‌కు పెట్టాను, షెడ్యూల్ ఏమీ లేకుండా, కరెంటు వస్తే ఆన్ అనే సెట్టింగుతో. వాట్లు సున్నాకు పడితే ఫోన్ మోగుతుంది. ఒకసారి స్టూడియో ఊడ్చే అమ్మాయి చీపురు తగిలి ప్లగ్ ఊడింది, నేను జడ్చర్లలో పెళ్లి షూటింగ్‌లో ఉండగా తెలిసింది. ఇంతకంటే దానికి పెద్ద పని అప్పజెప్పను.

మిర్యాలగూడ వైర్‌మ్యాన్

సార్, నమస్తే. రైస్ మిల్లుల్లో ప్యానెళ్లు, మోటార్ల పని నాది. చేపల సంగతి నాకంత తెలియదు, మా బిడ్డ పెంచుతుంది. కరెంటు వరకు చెప్తా.

ఆంపియర్ల గురించి టెన్షన్ వద్దు. మీ లైటు, ఫిల్టర్, పంపు, ఫ్యాను అన్నీ కలిపితే 65 వాట్లు. 230 వోల్టుల మీద 0.3 ఆంపియర్ కూడా లేదు. మామూలు 6 ఆంపియర్ల సాకెట్టే లెక్కకు 1,380 వాట్లు మోస్తుంది. 16 ఆంపియర్ల ప్లగ్గు గీజర్లకు, ఏసీలకు. దాని పిన్నులు లావు, మీ హాల్లో మామూలు సాకెట్టే ఉంటే అందులో దూరదు. చాలామంది ఎక్కువది మంచిదని తెచ్చుకుని, దూరక మళ్లీ కన్వర్టర్ పిన్ను కొంటారు. ఆ కన్వర్టర్ వదులుగా కూర్చుని వేడెక్కుతుంది. 10దే తీసుకోండి.

ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. ఎల్ఈడీ లైటు నడిచేటప్పుడు తీసుకునేది తక్కువే, కానీ వేసిన ఆ క్షణంలో లోపలి కెపాసిటర్ నిండడానికి ఒక్కసారిగా చాలా రెట్లు లాగుతుంది. టైమర్‌లో, స్మార్ట్ ప్లగ్గులో ఉండేది రిలే అనే చిన్న స్విచ్. నాలుగైదు లైట్లు ఒకే రిలే మీద పెడితే కొన్నాళ్లకు దాని కాంటాక్టులు అతుక్కుపోతాయి. టక్కుమని చప్పుడు వస్తుంది, యాప్‌లో ఆఫ్ అని చూపిస్తుంది, లైటు మాత్రం ఆరదు. మీ ఒక్క 36 వాట్ల లైటుకు ఆ భయం తక్కువే. ట్యాంకులు పెరిగి ర్యాకు పెట్టే వాళ్ల కోసం చెప్పా.

ఇప్పుడు అసలు సంగతి. మీరు టైమర్ మార్చాలని చూస్తున్నారు. టైమర్‌కు ఏం రోగం లేదు సార్. లోపల చిన్న మోటారు ఉంది, కరెంటు ఉంటే తిరుగుతుంది, లేకపోతే ఆగుతుంది. దాన్ని కరెంటు పోని చోట పెట్టండి. మీకు ఇన్వర్టర్ ఉంది. హాల్లో ఫ్యాను లైను ఇన్వర్టర్ మీదే ఉందంటున్నారు. అదే బోర్డులోంచి ట్యాంకు దగ్గరికి ఒక ప్లగ్ పాయింటు లాగితే అయిపోయింది. ఒకటిన్నర ఎంఎం వైరు, ఒక పీవీసీ కేసింగ్ పట్టీ, ఒక సాకెట్, గంటన్నర పని. మీ ట్యాంకు మొత్తం తినేది ఒక పాత సీలింగ్ ఫ్యాను కంటే తక్కువ. ఇంకో లాభం, ఫిల్టర్, ఎయిర్ పంపు కూడా ఆగవు. కరెంటు పోతే మీరు లైటు గురించి ఆలోచిస్తున్నారు, మా బిడ్డైతే ముందు గాలి గురించి ఆలోచిస్తది.

కానీ ఈ పని మీరే చేయొద్దు, ఇంటి వైరింగ్ చేసినాయన్నే పిలవండి. ఇన్వర్టర్ ఫేజు, మెయిన్ ఫేజు ఒకే బోర్డులో పక్కపక్కనే ఉంటాయి. తెలియక రెండూ కలిపితే ఇన్వర్టర్ కాలిపోతుంది. లైన్‌మ్యాన్ కరెంటు తీసి స్తంభం మీద పని చేస్తుంటే మీ ఇంటి నుంచి వెనక్కి కరెంటు పోయే ప్రమాదమూ ఉంది. ఎర్త్ వైరు తప్పకుండా వేయించండి, చాలా ఇళ్లలో మూడో గుంట ఉత్తుత్తిదే.

నీళ్ల పక్కన కరెంటు కాబట్టి ఇంకో రెండు మాటలు. సాకెట్ ట్యాంకు కింద కాదు, పక్కకు, ట్యాంకు నీటిమట్టం కంటే ఎత్తులో ఉండాలి. అలా కుదరకపోతే వైరును సాకెట్ కంటే కిందికి ఒక ఉయ్యాలలా వేలాడేసి మళ్లీ పైకి తీసుకెళ్లాలి. వైరు వెంట జారిన నీటి బొట్టు ఆ వంపు దగ్గర నేల మీద పడుతుంది, సాకెట్‌లోకి పోదు. ఎక్స్‌టెన్షన్ బాక్సును స్టాండు కింద నేల మీద పడేసే వాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఇంటికి, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉందో లేదో చూసుకోండి. చేతులు నీళ్లలో పెట్టే ముందు అన్నీ ఆపండి.

పానగల్లు రోడ్డు (నల్లగొండ)

అందరికీ ధన్యవాదాలు. ఫిల్టర్ ఆపే ఆలోచన మానుకున్నాను. టవల్ వైద్యం నిన్న రాత్రే చేశాను, నాన్న ఏమీ అనలేదు. మా ఇంట్లో అది మెచ్చుకోలు కిందే లెక్క.

వైర్‌మ్యాన్ గారూ, ఇన్వర్టర్ పాతది, 2015లో కొన్నది. కరెంటు పోయినప్పుడు ఫ్యాను గుయ్యిమని మూలుగుతుంది. దాని మీద పంపులు పెట్టొచ్చా? పచ్చతొట్టి అన్నా, ట్యాంకు మీది చిన్న ఫ్యానును ఎప్పుడు ఆన్ చేయాలో టైంతో పెట్టాలా? మే నెల మధ్యాహ్నం మా ట్యాంకులో నీళ్లు 34 డిగ్రీలు చూపించాయి.

మిర్యాలగూడ వైర్‌మ్యాన్

మూలుగుతుందంటే ఆ ఇన్వర్టర్ స్క్వేర్ వేవ్ అయ్యుండొచ్చు సార్, అంటే మెయిన్ కరెంటులా (సైన్ వేవ్) నున్నగా కాక మెట్లు మెట్లుగా కరెంటు ఇచ్చే రకం. ముందు పేరున్న చోట సైన్ వేవ్ అని రాసుందేమో చూడండి. స్క్వేర్ వేవ్ మీద ఎయిర్ పంపు, ఫిల్టర్ మోటారు రొద చేస్తాయి, వేడెక్కుతాయి. పూట పూటకూ అరగంట అయితే తట్టుకుంటాయి కానీ గంటల తరబడి వద్దు. అలాంటప్పుడు ఎయిర్ పంపు ఒక్కటి బ్యాటరీది కొనుక్కోండి, కరెంటు పోగానే దానంతట అదే మొదలయ్యే రకాలు వస్తున్నాయి. సైన్ వేవ్ ఉంటే ఏ చింతా లేదు.

పాలమూరు పచ్చతొట్టి (మహబూబ్‌నగర్)

ఫ్యానుకు గడియారం ఎందుకన్నా, థర్మామీటర్ కావాలి. ఎస్‌టీసీ 1000 అని ఒక చిన్న కంట్రోలర్ ఉంటుంది, కోఠిలో గుజరాతీ గల్లీలో దొరుకుతుంది, ఆన్‌లైన్‌లోనూ ఉంది. దాని సెన్సర్ వైరు నీళ్లలో పెట్టి, 29 డిగ్రీలు దాటితే ఫ్యాను తిరిగేలా, ఒక డిగ్రీ తేడాతో సెట్ చేస్తే చాలు. కొనేటప్పుడు 230 వోల్టులదే అడగండి, 12 వోల్టులది కూడా అచ్చం అలాగే ఉంటుంది. వైర్లు బయటికి ఉంటాయి కాబట్టి ఒక ప్లాస్టిక్ డబ్బాలో బిగించాలి.

ఫ్యానుతో రెండు మూడు డిగ్రీలు తగ్గుతాయి. నీళ్లు ఆవిరై తగ్గినవి, ఊరికే కాదు. రోజుకు లీటరుకు పైగా పోతాయి. పోయేది ఉత్త నీళ్లే, ఉప్పు ట్యాంకులోనే ఉంటుంది. ఆ లోటును బోరు నీళ్లతో నింపితే ఉప్పు పేరుకుంటూ పోతుంది, ఆర్వో నీళ్లతో నింపండి.

వేడి ఎక్కువైతే ఇంకో బాధ. 25 డిగ్రీల నీళ్లలో లీటరుకు 8 మిల్లీగ్రాముల పైచిలుకు ఆక్సిజన్ పడుతుంది, 35 డిగ్రీలకు అది 7కు వస్తుంది. ఎండాకాలంలో గాలి ఆగకూడదని అందుకే అంటాం. లైటు కూడా నీళ్లను కొంచెం వేడి చేస్తుంది కదా, మధ్యాహ్నం రెండింటికి ఎందుకు వెలిగించడం? నాలుగింటి నుంచి పదింటికి మార్చండి. ఆరు గంటలు మీ అనుబియాస్‌కు చాలు, పైగా మీరు ఇంట్లో ఉండే వేళలో వెలుగుతుంది.

హీటర్ ఉంటే దానికి టైమర్ వద్దు, దానిలోనే థర్మోస్టాట్ ఉంటుంది. పాలమూరులో నాకది డిసెంబరు, జనవరి ముచ్చట మాత్రమే.

పానగల్లు రోడ్డు (నల్లగొండ)

మూడు వారాలైంది, ఏం చేశానో చెప్పి పోదామని వచ్చాను.

ఇన్వర్టర్ ముందు దుమ్ము తుడిస్తే ప్యూర్ సైన్ వేవ్ అని బంగారు రంగు అక్షరాలు కనిపించాయి. మరి ఫ్యాను ఎందుకు మూలుగుతోందని ఎలక్ట్రీషియన్‌ను అడిగితే, రెగ్యులేటర్ పాతదట, మార్చాడు. ఫ్యాను మూలుగు పోయింది. చేపల పుణ్యమా అని నాన్న నిద్ర బాగుపడింది.

ఇన్వర్టర్ లైను మీద ట్యాంకు పక్కన కొత్త పాయింటు వేయించాను, ఎర్త్‌తో సహా. వైరు, కేసింగ్, సాకెట్, కూలీ అన్నీ కలిపి 850 అయింది. ఫిల్టర్, ఎయిర్ పంపు నేరుగా దానికే. లైటు మళ్లీ ఆ పాత 96 పళ్ల టైమర్‌తోనే, నాలుగు నుంచి పది దాకా. అమ్మ సీరియళ్లు చూసే టైంకు చేపలు వెలుగుతూ ఉంటాయి కాబట్టి ఆమె వైపు నుంచి ఫిర్యాదు లేదు. అయినా అలవాటు కొద్దీ పొద్దున దీపం పెట్టాక చేయి స్విచ్ మీదికి పోతోంది. టైమర్ ఉన్నందుకు ఏమీ వెలగదు, "ఇది పాడైంది రా" అని రోజూ చెప్తుంది.

ఈ మూడు వారాల్లో నేను రాసిపెట్టుకున్న వరకు కరెంటు పద్నాలుగు సార్లు పోయింది, ఒకసారి మూడు గంటలు. టైమర్ నాలుగైదు నిమిషాలు ముందుకు పోయింది, అంతే. ఇన్వర్టర్ మీద తిరిగేటప్పుడు ఆ చక్రం కొంచెం తొందరపడుతోందేమో. పదిహేను నిమిషాల పళ్లున్న టైమర్‌కు నాలుగు నిమిషాలు ఒక లెక్కా.

స్మార్ట్ ప్లగ్ కొనలేదు. మిగిలిన డబ్బుకు ఆ ఎస్‌టీసీ కంట్రోలర్ తెప్పించాను. 29కి పెట్టాను, నిన్న మధ్యాహ్నం నీళ్లు 31 దాటలేదు. ఊరెళ్లినప్పుడు కాపలాకు ఆ వాట్లు చూపించే ప్లగ్గు దసరాకు చూస్తాను.

ఒక చిన్న సందేహం మిగిలింది. కొత్త సాకెట్‌కు వైరు అందాలని ఎయిర్ పంపును స్టాండు కింది అరలో పెట్టాల్సి వచ్చింది. కరెంటూ పోయి ఇన్వర్టర్ కూడా దిగిపోతే ట్యాంకు నీళ్లు పైపు గుండా పంపులోకి వస్తాయా?

వనపర్తి గప్పీలు

వస్తాయి సార్. పంపు నీటిమట్టం కంటే కింద ఉంటే నీళ్లు సైఫన్ అయి పంపులోకి, అక్కడి నుంచి మీ హాల్లోకి. పది ఇరవై రూపాయలకు నాన్ రిటర్న్ వాల్వ్ దొరుకుతుంది, పైపు మధ్యలో కోసి పెట్టండి, ట్యాంకుకు దగ్గరగా. దాని మీద బాణం గుర్తు ఉంటే అది ట్యాంకు వైపు చూడాలి. గుర్తు లేకపోతే నోటితో ఊది చూడండి, ఏ కొన నుంచి ఊదితే గాలి దాటిపోతుందో ఆ కొన పంపు వైపు, రెండో కొన ట్యాంకు వైపు. పెట్టాక ఒకసారి పంపు ఆపి పది నిమిషాలు పైపు దగ్గరే కూర్చుని చూడండి, నీళ్లు వాల్వ్ దాటి కిందికి రాకూడదు.